అత్తగారి గది పక్క తూము

అత్త తన ఇంట్లో ఉందని ఏడ్చే కోడళ్ళు వీధికి పదిమంది కనిపిస్తారు. అత్త తన ఇంట్లో లేదని ఏడ్చే కోడల్ని చూడాలంటే మాత్రం ఈ ఇంటి కింది వాటాకే రావాలి. ఆవిడ ఇంటికి పెద్దకోడలు. భర్త, అత్తగారు, తను కింద ఉంటారు. పై వాటాలో మరిదీ చిన్నకోడలూ ఉంటారు. మరిదికి నెలలో సగం రోజులు ఊళ్ళు తిరగడమే ఉద్యోగం. చిన్నకోడలు కంటి డాక్టరు గది ముందు కూర్చుని, వచ్చినవాళ్ళకి చీటీలు రాసి లోపలికి పంపుతుంది. పెద్దకోడలి ఒక్కగానొక్క కొడుకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. భర్త పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. ఇంక ఆవిడ చూసుకోవడానికి మిగిలింది అత్తగారే. ఆ అత్తగారు కాస్తా ఇప్పుడు సంచీ సర్దుకుని పై వాటాకి వెళ్ళిపోయింది.

దానికి కారణం తూము. అత్తగారి గదిని ఆనుకుని ఉన్న బాత్రూంలో నీళ్ళు పోయే తూము పూడుకుపోయింది. చెంబుడు నీళ్ళు పోస్తే చెంబుడూ అక్కడే నిలబడుతున్నాయి. బకెట్టు పోస్తే చీలమండల దాకా వచ్చి, సబ్బు నురగా, నల్లటి మడ్డీ పైకి తేలి, గదంతా మురుగు కంపు కొడుతోంది. పెద్దకోడలు చాకలిసోడా పోసి దాని మీద మరుగుతున్న నీళ్ళు కుమ్మరించింది. చెక్క పిడి ఉన్న రబ్బరు గిన్నెతో చేతులు పడిపోయేదాకా నొక్కింది. తీగ పెట్టి పొడిచింది. తూము ఉలకలేదు, పలకలేదు.

మా గదిలో ఇంకో బాత్రూం ఉందిగా, అందులో స్నానం చెయ్యండి అని ఆవిడ అత్తగారిని బతిమాలింది. కొడుకూ కోడలూ పడుకునే గదిలోంచి తువ్వాలు భుజాన వేసుకుని నడవడం తనకు మొహమాటమని అత్తగారు అంది. అత్తగారికి మొహమాటం ఉందన్న సంగతి ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ మాట ఇంకా పూర్తికాకముందే సంచీ మెట్ల దగ్గరికి చేరింది. ముసలావిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే పెద్దకోడలు కింద నిలబడి చూసింది. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమో అనుకుంది. అత్తగారు తిరగలేదు.

పెద్దకోడలి బాధ అర్థం కావాలంటే ఒక్క విషయం తెలియాలి. ఆవిడకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేనాటికి పొయ్యి వెలిగించడం కూడా సరిగా చేతకాదు. నేర్పింది అత్తగారే. చెయ్యి కాలితే ఊదింది అత్తగారే, పురిటి నొప్పులప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చుందీ అత్తగారే. భర్త పోయాక పరుపుల దుకాణంలో కుట్టుపని చేసి ఇద్దరు కొడుకుల్ని పెంచిన గట్టి మనిషి ఆవిడ. దూదిని గుప్పెట్లో నొక్కి, చారల గుడ్డలో కూరి, కుట్టు బయటికి కనపడకుండా అంచు లోపలికి మడిచి కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. దుకాణం మానేసి ఏళ్ళు గడిచినా ఇంట్లో దిండ్లన్నీ ఆవిడ చేతివే.

అటువంటి మనిషి ఒకరోజు పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. జబ్బేమీ లేదు, పొద్దున్నుంచి ఏమీ తినలేదంతే అని డాక్టరు తేల్చేశాడు. కానీ పెద్దకోడలి గుండె జారిపోయింది. ఒక తల్లిని పోగొట్టుకున్నది చాలదా అనుకుంది. ఆ రోజు నుంచి అత్తగారిని గరిటె ముట్టనివ్వలేదు, చీపురు ముట్టనివ్వలేదు, చివరికి తాగిన కాఫీ గ్లాసు కూడా కడుక్కోనివ్వలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసి, వెనకాల దిండు పెట్టి, కాళ్ళ కింద పీట పెట్టి కూర్చోబెట్టింది. అడగకముందే అన్నీ చేతికి అందించింది. ప్రేమంటే అదేనని ఆవిడ నమ్మకం, ఆ నమ్మకంలో కల్తీ ఏమీ లేదు.

పై వాటాలో వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. చిన్నకోడలి వంటిల్లు చూస్తే పెద్దకోడలికి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి. సింకులో నిన్నటి గిన్నెల మీద ఇవాళ్టి గిన్నెలు, కుర్చీల మీద విడిచిన బట్టలు, చెప్పుల జతలో ఒకటి గుమ్మంలో ఉంటే రెండోది మంచం కింద. వెళ్ళక వెళ్ళక ఆ కొంపకా వెళ్ళడం!

పైన ఏం జరుగుతోందో పెద్దకోడలు చూడకుండా ఉండలేకపోయింది. ఉతికి, ఆరి, మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ తడిపి, బకెట్టులో వేసుకుని డాబా మీద ఆరెయ్యడానికి బయలుదేరింది. డాబా మెట్లు పై వాటా గుమ్మం ముందు నుంచే పోతాయి. లోపల అత్తగారు పీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. చిన్నకోడలు గోడకి చేరబడి, ఏ పనీ లేని మహారాణిలా గోళ్ళకు రంగు వేసుకుంటోంది. వేసుకుంటూ ఏదో అంది. అత్తగారు పకపకా నవ్వింది. కింద ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో పెద్దకోడలు గుర్తు తెచ్చుకోబోయి, భయపడి మానేసింది.

మర్నాడు తను చేసినవన్నీ డబ్బాలో సర్ది పైకి పంపింది. సాయంత్రానికి డబ్బా తిరిగి వచ్చింది. ఖాళీ డబ్బా పంపకూడదని అత్తయ్య కూర పెట్టారక్కా అని చెప్పి చిన్నకోడలు వెళ్ళిపోయింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే పెద్దకోడలికి ఆ చెయ్యి తెలిసిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో తను రెండోసారి, మూడోసారి అడిగి పెట్టించుకున్న కూర అది. నిలబడ్డచోటే డబ్బా మొత్తం తినేసి, అడుగున మిగిలింది వేలితో తుడిచి మరీ నాకింది. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తింది. తనకి వండిపెట్టిన చెయ్యి ఇప్పుడు దానికి వండిపెడుతోంది. అప్పుడే ఇంటికొచ్చిన భర్త ఆవిడ వాలకం చూసి, కారం ఎక్కువైందా అని అడిగాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

అసలు తూము మొరాయించడం ఇది మొదటిసారి కాదు. ఇంతకుముందు రెండుసార్లు అయింది, రెండుసార్లూ ఒకటే తంతు. తూము పూడుకుంటుంది, అత్తగారు పైకి వెళ్తుంది. నాలుగైదు రోజులు పోయాక ఏదో వస్తువు కావాలని కిందికి దిగుతుంది, బాత్రూంలోకి ఒకసారి తొంగిచూస్తుంది. ఆ పూటకల్లా నిలిచిన నీళ్ళు గుడగుడమంటూ దిగిపోతాయి. అత్తగారు సంచీతో తిరిగి వచ్చేస్తుంది. మొదటిసారి అది తను పోసిన సోడా మహిమ అనుకుంది పెద్దకోడలు. రెండోసారి అత్తయ్య అడుగు పెట్టిన వేళా విశేషమని పక్కింటావిడతో గొప్పగా చెప్పుకుంది.

ఈసారి మాత్రం లెక్క తప్పింది. కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కోసం అత్తగారు దిగింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు ఉంది. బయటికి వచ్చినప్పుడు చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి, మొహం వాడిపోయి ఉంది. పెద్దకోడలు ఆశగా తూము దగ్గరికి పరిగెత్తి చూసింది. నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తగారు ఆ కళ్ళజోడు గుడ్డ కూడా మరిచిపోయి పైకి వెళ్ళిపోయింది.

అప్పుడు పెద్దకోడలి బుర్రలో ఒక దీపం వెలిగింది, వెలగకపోయినా లోకానికి నష్టం లేదు. ఇదంతా చిన్నకోడలి పని. జీతం బత్తెం లేని వంటమనిషి దొరికింది కదా, వదులుకుంటుందా? పై నుంచి మిగిలిన అన్నమూ, జిడ్డూ, చెత్తా అంతా గొట్టంలో పోసి, అత్తయ్య తూముకే అడ్డం పడేలా చేస్తోంది. అనుమానం వచ్చాక ఆధారాలకు కొదవేముంది? గోళ్ళ రంగు ఒక ఆధారం, పకపక నవ్వు ఒక ఆధారం, కూర డబ్బా పెద్ద ఆధారం.

పొద్దున్నే పనికి వెళ్తున్న చిన్నకోడల్ని గేటు దగ్గర పట్టుకుని అడిగేసింది. చిన్నకోడలికి మొదట ఏమీ బోధపడలేదు, బోధపడ్డాక నవ్వొచ్చింది.

"జడ వేసుకోవడానికే టైం ఉండదు నాకు. కూర్చుని తూములు పూడుస్తానా అక్కా?" అంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "అయినా అత్తయ్యకి పైన హాయిగానే ఉంది కదా. ఉండనివ్వకూడదూ?"

పుండు మీద కారం చల్లడమంటే అదే. పెద్దకోడలు ఆ పూటే గొట్టాలు బాగుచేసే ఆయనకి కబురు పెట్టింది. తూము తెరుచుకోవాలి, దొంగ దొరకాలి, అత్తయ్య కిందికి రావాలి. ఇంక ఆవిడకి ఇంకో ధ్యాస లేదు.

గొట్టాలాయన ఒక సంచీ భుజాన వేసుకుని, ఎవరి మీదో కోపం వచ్చినవాడిలా వచ్చాడు. ముందు పై వాటా గొట్టం విప్పమని ఆవిడ పట్టుబట్టింది. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా, ఆ గొట్టం వెనక గోడ వెంట పోతుంది, ఇది ఇటు పోతుంది అని ఆయన చెప్పాడు. ఆవిడ వినలేదు. వాదించే ఓపిక లేక ఆయన పెరట్లో మురుగు గుంత మూత ఎత్తి ఆవిడని దాని దగ్గర నిలబెట్టి, పైకి వెళ్ళి కుళాయి తిప్పాడు. నీళ్ళు అవతలి గొట్టంలోంచి గుంతలోకి దూకాయి. అత్తగారి తూము గొట్టం మాత్రం ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంది. నిజం అంత బాహాటంగా కనబడుతున్నా పెద్దకోడలికి నమ్మబుద్ధి కాలేదు. ఉన్న ఒక్క దొంగా చేజారిపోతుంటే ఎవరికి మాత్రం బాధగా ఉండదు?

ఆయన బాత్రూంలోకి వచ్చి తూము మీది జాలీమూత తీసి, పొడవాటి స్ప్రింగు తీగని లోపలికి తిప్పుతూ పంపాడు. కాస్త దూరం పోయాక తీగ ఆగింది. ఇంకాస్త తిప్పాడు. ఏదో మెత్తగా తగులుతోందే అని గొణుక్కున్నాడు. కాలు గోడకి తన్ని పెట్టి లాగాడు. తీగ కొసన ఒక మూట బయటపడింది. వెంటనే పెద్ద చప్పుడుతో నీళ్ళన్నీ తూములోకి దిగిపోయాయి.

పిడికిలి కన్నా కాస్త పెద్ద మూట. నీళ్ళు తాగి ఉబ్బిపోయి నల్లగా కారుతోంది. ఆయన దాని మీద చెంబుడు నీళ్ళు పోసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మడ్డి పోయాక గుడ్డ మీద చారలు కనిపించాయి.

"ఇది జారిపడింది కాదమ్మా, కావాలని పెట్టింది," అన్నాడు. "ఇదిగో, చివర దారం. మూతకి కట్టుకుని ఉంటారు, కావలసినప్పుడు లాగేసుకుందామని. ఈసారి మరీ ఉబ్బిపోయింది. లాగితే దారం తెగింది."

ఆవిడ ఆ తెగిన దారం కొసకేసి చూసింది.

"కుట్టు మాత్రం భలే కుట్టారు. ఎక్కడా కనపడటంలేదు," అని ఆయన మెచ్చుకుని, మూట ఆవిడ చేతిలో పెట్టి, తన సామాను సర్దుకోసాగాడు.

కనపడదు మరి. అంచు లోపలికి మడిచి కుట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. పెద్దకోడలికి ముందు ఏమీ తోచలేదు. తర్వాత అన్నీ ఒక్కసారి తోచాయి. మొహమాటం, సంచీ, కళ్ళజోడు గుడ్డ, తడిసిన మోచేతులు. తన దగ్గర్నుంచి పారిపోవడానికి ఈవిడ దొంగతనంగా కూర్చుని దూది కూరి మూట కుట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మూట పట్టుకునే మెట్లెక్కింది.

పై వాటాలో చిన్నకోడలు లేదు, పనికి వెళ్ళిపోయింది. అత్తగారు ఒక్కతే సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తోంది. గుట్టగా పడి ఉన్న గిన్నెల వైపు ఆవిడ ఎంతో తృప్తిగా చూస్తోంది. గుమ్మంలో అలికిడికి తిరిగి, కోడలి మొహం చూసింది, కోడలి చేతిలో మూట చూసింది. రాగం ఆగిపోయింది.

"దారం తెగిపోయిందమ్మాయ్," అంది.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా అత్తయ్యా."

"చెబితే ఏడుస్తావు కదా నువ్వు."

పెద్దకోడలు అప్పటికే ఏడుస్తోంది. "మీకు నేనేం తక్కువ చేశాను?"

"ఏదీ తక్కువ చెయ్యలేదు. అదే నా బాధ." అత్తగారు కుళాయి కట్టేసింది. "నన్ను పటం కట్టి గోడకి తగిలించావు. దుమ్ము తుడుస్తావు, దణ్ణం పెడతావు. ఇక్కడ నేను చెయ్యకపోతే గిన్నె గిన్నెలాగే ఉండిపోతుంది. అత్తయ్యా అది ఎక్కడుంది, అత్తయ్యా ఇది ఎలా చెయ్యాలి అని చిన్నది అరుస్తూనే ఉంటుంది. పొద్దున్నే లేవడానికి నాకూ ఒక పనుంది."

"మీ చేత అది చాకిరీ చేయించుకుంటోంది."

"చేయించుకోనీ."

తర్వాత అత్తగారే చేతులు తుడుచుకుని, తూము బాగైంది కాబట్టి ఇంక వచ్చేస్తాను, సంచీ సర్దుకుంటానని అంది. సెలవులు అయిపోయిన బడిపిల్ల గొంతు అది. ఆ గొంతు వినలేక పెద్దకోడలు, తొందరేం లేదు, మీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండండి అనేసి దిగి వచ్చేసింది. అంత మంచి మాట మనస్ఫూర్తిగా అనలేదు. కొందరు అంటారే, ఆ క్షణంలో మనసు తేలికైందని, ఆవిడకి అదేమీ కాలేదు. చిన్నకోడలి మీద కుళ్ళు పదింతలైంది. తను రెక్కలు ముక్కలు చేసుకుని ఓడిపోయింది. అది ఏ పనీ చెయ్యకుండా, చెయ్యకపోవడం వల్లే గెలిచింది. ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉందా?

ఆ రోజు ఎలాగో వంట అయిందనిపించి మంచమెక్కింది. కాపురానికి వచ్చాక మొదటిసారి గిన్నెలు సింకులో అలాగే ఉండిపోయాయి. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళింది. రాత్రి గిన్నెలన్నీ అట్టకట్టుకుపోయి ఉన్నాయి. ఒళ్ళు జలదరించింది. పీచు చేతిలోకి తీసుకుంది, కుళాయి తిప్పింది. అలా నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత కుళాయి కట్టేసి, పీచు తీసిన చోటే పెట్టేసింది. పొద్దుటి కాఫీ గ్లాసులు కూడా తెచ్చి ఆ గిన్నెల మీదే పెట్టి, వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆవిడ జన్మలో చేసిన అతి కష్టమైన పని అదే.

అది సెలవు రోజు కావడంతో భర్త ఇంట్లోనే ఉన్నాడు. వంటింట్లోకి తొంగిచూసి హడలిపోయాడు. భార్యకి చెయ్యీ కాలూ ఏమైనా పడిపోయాయేమోనని నుదురు తాకి చూశాడు. ఏమీ లేదు, వెళ్ళండి అని ఆవిడ కసురుకుంది. ఆయన తిన్నగా పైకి వెళ్ళి తల్లికి చెప్పాడు.

మెట్ల మీద కమ్మీ పట్టుకుని దిగుతున్న అడుగులు వినిపించాయి. పెద్దకోడలు దుప్పట్లోంచి చెవి బయటపెట్టింది. అడుగులు గుమ్మం దాటాయి, హాలు దాటాయి, తన గది తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి రాకుండా వంటింటి వైపు మళ్ళాయి. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. చూసి వెళ్ళిపోతుందేమో అనుకుంది పెద్దకోడలు.

"ఇదేం ఇల్లమ్మా? మనుషులుండే ఇల్లేనా?" అని అత్తగారి గొంతు ఖంగుమంది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో వినబడని తిట్టు. వెనకే కుళాయి శబ్దం, గిన్నెల చప్పుడు, సబ్బు ఎక్కడ పెట్టి చచ్చావే అన్న కేక. పెద్దకోడలు పడుకునే జవాబు చెప్పింది. పెద్ద గిన్నె అంచు కింద ఆవిడ తోమడంలేదని చప్పుడుని బట్టే తెలిసిపోతోంది, జిడ్డు అలాగే ఉండిపోతుంది. చేతులు దురద పెట్టాయి. రెండు చేతులూ తల కింద పెట్టుకుని కదలకుండా పడుకుంది.

ఇంతలో మెట్ల మీద నుంచి చిన్నకోడలి గొంతు వినిపించింది. అత్తయ్యా, ఎక్కడున్నారు, పొయ్యి మీద కూర ఎంతసేపు ఉంచాలి అని అడుగుతోంది.

"నువ్వే చూసుకో. నాకిక్కడ చేతినిండా పనుంది," అని అరిచింది అత్తగారు.

దిగబోయిన అడుగులు మెట్ల మీదే ఆగాయి. తర్వాత, సరే అంది చిన్నకోడలు. మామూలుగా అన్న మాటే, పైకి చూస్తే ఏమీ లేదు. ఆ ఒక్క మాటలో ఎంత కడుపుమంట ఉందో పెద్దకోడలికి తెలిసినంతగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.